చెంప మీద తెల్లమచ్చ

విలేకరిగా ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా రాసింది వాన గురించే. వాన రాలేదని, వచ్చినా పదును కాలేదని, పదునైనా విత్తనం దొరకలేదని. అనంతపురంలో పనిచేసిన ఏ విలేకరిని అడిగినా ఇదే చెబుతాడు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. మీరు చూసినవాటిలో మిమ్మల్ని బాగా కుదిపేసింది ఏది సార్ అని అడుగుతారు. ఏ కాల్పుల గురించో, బస్సు బోల్తా గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఒక పళ్ళెంలో నీళ్ళ గురించి, అందులో వేసిన ఒక ఫొటో గురించి చెబుతాను. ఇంతేనా అన్నట్టు చూస్తారు. మీరూ అలాగే చూస్తారేమో. అయినా చెబుతాను.

ఎనభైల మొదట్లో జరిగిన సంగతి ఇది. వేసవి చివర, పల్లెల్లో వేరుశనగ విత్తనం ఒలిచే రోజులు. బెంగుళూరు నుంచి ఒక దంతవైద్యుడు మా జిల్లాకు వచ్చారు. నడివయసు మనిషి, సన్నగా, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవారు. ఆయన దగ్గరికి దవడ నొప్పితో వచ్చే రోగుల్లో చాలామంది గోరంట్ల, కదిరి వైపు వాళ్ళే ఉంటున్నారట. నోరు సరిగ్గా తెరుచుకోదు, చెవి ముందు నొప్పి, తెరిచినప్పుడు టక్కుమని శబ్దం. అందరూ దాన్ని పంటి నొప్పి అనుకుంటారు, లేకపోతే చెవిపోటు అనుకుంటారు. ఆయన మాత్రం కింది దవడ ఎముక పుర్రెకు అతుక్కునే కీలు వాచిందని అనుమానించారు. ఒక జిల్లా నుంచే ఇంతమంది ఎందుకు వస్తున్నారో అక్కడికే వెళ్ళి చూద్దామని బయల్దేరారు.

వస్తూ ఒక యంత్రం తెచ్చారు. ఏదో పరిశోధనశాల నుంచి కొద్ది రోజులకు అడిగి తెచ్చుకున్న కెమెరా. అది వెలుతురును కాదు, వేడిని చూస్తుంది. వాచిన కీలు మీద చర్మం పక్క చర్మం కన్నా కొంచెం వెచ్చగా ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే తెలియనంత తేడా. ఆ కెమెరాకు తెలుస్తుంది. వేడిగా ఉన్నచోట తెల్లగా, చల్లగా ఉన్నచోట నల్లగా ముఖం మొత్తం ఒక చిన్న తెర మీద కనిపిస్తుంది. కుడి చెంపనూ ఎడమ చెంపనూ పోల్చి చూడాలి. రెండూ ఒకేలా ఉంటే కీలు బాగున్నట్టు. ఒకవైపు చెవి ముందు తెల్లమచ్చ ఉంటే అక్కడ ఏదో రగులుతున్నట్టు. పద్ధతంతా ఇంతే.

ఆ కెమెరా పనిచేయాలంటే దాని కడుపులో అతి చల్లని ద్రవ నత్రజని పోయాలి. అది మా ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో తప్ప ఎక్కడా దొరకదు. ఆంబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచడానికి వాళ్ళు తెప్పించుకునేవారు. క్యాను మూత తీయగానే పొగలు రావడం చూసి, శిబిరానికి వచ్చి వరుసలో కూర్చున్న ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఇదేందప్పా, ఎద్దుల మందు మాకు పోస్తారా?"

"నీకు గాదులే, మిషనుకు" అన్నాడు పక్కవాడు. "నీకు పోస్తే ఇంగ మీ ఊర్లో ఆంబోతు పని నీదే."

శిబిరం పెట్టింది ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో. దాని పేరు ఇప్పుడు అనవసరం. రాతిగోడల ఎక్స్‌రే గదికి వట్టివేళ్ళ తడికలు కట్టి, తెల్లవారుజామునే నీళ్ళు చల్లి చల్లబరిచారు. వచ్చినవాళ్ళు ముఖం కడుక్కొని, వక్కాకు ఉమ్మేసి, ఆ చల్లటి గదిలో కొంతసేపు కదలకుండా కూర్చోవాలి. అప్పుడే చర్మం తన అసలు వేడికి వస్తుంది. ఒక ముసలామె మాత్రం కొంగు చాటున ఉప్పుమూట పెట్టుకొని దవడకు కాపడం పెట్టుకుంటూ దొరికిపోయింది. వేడి పరీక్ష అన్నారు కదా, కాస్త వేడి చేసుకొని పోదామనుకుందట. ఆమెను మళ్ళీ మొదటి నుంచీ కూర్చోబెట్టారు. ఆ రోజు పొరపాట్లలో నాకు కనిపించింది ఇదొక్కటే. వార్తకు ఒక సరదా వాక్యం దొరికిందని రాసుకున్నాను.

బెంగుళూరు డాక్టరుది ఒక పట్టుదల ఉండేది. ఆయన యంత్రం ఉన్న గదిలోకి వచ్చేవారు కాదు. వేరే గదిలో కూర్చొని, రోగి చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి, నోరు తెరిపించి, మూయించి తన అభిప్రాయం రాసుకునేవారు. యంత్రాన్ని ఆయనతో వచ్చిన ఇంజనీరు నడిపేవాడు. తెర మీద చూసింది డాక్టరుకు చెప్పకూడదని షరతు.

"ముందే బొమ్మ చూస్తే నా చెయ్యి దాని మాటే వింటుంది" అన్నారు నాతో. "నా చెయ్యి ఒకటి చెప్పాలి, బొమ్మ ఒకటి చెప్పాలి. రెండూ కలిస్తేనే నమ్మాలి. కలవకపోతే నేను తప్పు అని ఒప్పుకోవాలి."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. కానీ ఆ మాటే ఆయన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి.

తెర మీద బొమ్మను దాచుకోవాలంటే దాన్ని మామూలు కెమెరాతో ఫొటో తీయాలి. ఆయన తెచ్చిన ఫిల్ము దారిలో ఎండకు పాడైంది. ఫొటో తీసి కడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నన్ను అడిగారు. మా పేపరుకు ఫొటోలు ఇచ్చే స్టూడియో అన్నను పిలుచుకొచ్చాను. బజారువీధిలో ఆయన స్టూడియో ఉండేది. జిల్లాలో ఆయన చేతి పనికి పేరు. మశూచి వచ్చి తగ్గినవాళ్ళు అప్పట్లో ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ముఖం నిండా గుంటలున్న అమ్మాయి ఫొటో ఆయన చేతిలో పడితే, పెళ్ళివారికి పంపేసరికి చెంపలు నున్నగా ఉండేవి. సన్నటి కుంచెను నాలుక మీద తడిపి, నీటిరంగులో ముంచి, చుక్క చుక్కగా పెట్టేవాడు. దగ్గర పెట్టుకొని చూసినా తెలిసేది కాదు. ఆ పని చేయకుండా ఫొటో ఇవ్వడం అంటే, ఆయన దృష్టిలో గుడ్డ కుట్టి బొత్తాలు పెట్టకుండా ఇచ్చినట్టు.

శిబిరంలో ఇద్దరు నాకు గుర్తుండిపోయారు.

ఒకాయన తాడిపత్రి నుంచి నాపరాయి తోలే లారీ డ్రైవరు. కుడి దవడ నొప్పి. "గేరు మాదిరి ఇరుక్కుంటాది సార్, ఒగ తట్టు తట్టితే గాని పడదు" అని దవడ మీద అరచేత్తో కొట్టుకొని చూపించాడు. కెమెరా ముందు కూర్చోగానే మీసం దువ్వుకున్నాడు.

"మీసం బాగా పడేటట్ల తియ్యన్నా."

"ఈ మిషనుకు మీసం కనబడదప్పా" అన్నాడు స్టూడియో అన్న.

"మీసం కనబడని ఫొటో ఎందుకింగ?"

రెండో మనిషి గోరంట్ల దగ్గరి పల్లె నుంచి భర్తతో వచ్చిన ఒకామె. ముప్పై దాటి ఉండవు. నోరు వేలు పట్టేంత మాత్రమే తెరుచుకుంటుంది. మాటలన్నీ పళ్ళ సందుల్లోంచి వచ్చేవి. కుడివైపు కింది పళ్ళు కొన్ని అప్పటికే లేవు. నొప్పి అన్నప్పుడల్లా ఒకటి పీకించుకుందట. పన్ను పోయింది, నొప్పి పోలేదు.

"అన్నం తినేకి కాదు సార్. సంగటి అయితే మింగుతా" అంది. "మాయత్త నటన అంటాది. విత్తనాల కాలం వస్తానే నీకు నొప్పి వస్తాది అంటాది."

"నీవు ఏమంటావప్పా?" అని భర్తను అడిగాను.

ఆయన చేతిలో తువ్వాలు నలిపాడు. "నేనేమంటా సార్. నొప్పి కండ్లకు కనబడేది గాదు గదా. మాయమ్మ ఒగటంటాది, ఈయమ్మ ఒగటంటాది."

ఆ ఆసుపత్రి దంతవైద్యుడికి ఈ కీలు సంగతి మీద నమ్మకం లేదు. మంచి మనిషే. పొద్దుటి నుంచి నిలబడి పనిచేసేవాడు. కానీ మా వైపు పంటి నొప్పితో వచ్చినవాడు పన్ను పీకించుకోకుండా వెళితే డాక్టరు ఏమీ చేయలేదని ఊరంతా చెబుతాడు. ఆయన ఆ అలవాటులోనే పండిపోయాడు. ఆమెకు మిగిలిన కుడి పళ్ళ వేర్లు చెడిపోయాయని ఆయన నమ్మకం. నోరు తెరుచుకోదు కాబట్టి మత్తిచ్చి, ఇనుప పనిముట్టుతో నోరు తెరిచి పళ్ళన్నీ తీసేయాలన్నాడు.

"కీలు వాచి ఉంటే అట్ల తెరవకూడదు" అన్నారు బెంగుళూరు డాక్టరు. "మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పదు. బలవంతం చేస్తే కీలు లోపల చిరిగిపోతుంది. ఇంక ఆ నోరు జన్మలో తెరుచుకోదు."

"సరే సార్, మీ ఫొటో రానీండి. కీలని వస్తే నేను చెయ్యి పెట్టను. రాకపోతే నన్ను నా పని చేసుకోనీండి."

అది న్యాయమైన ఒప్పందమే. ఇద్దరూ ఒప్పుకున్నారు.

శిబిరం ముగిసింది. యంత్రం తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఇంజనీరు దాన్ని తీసుకొని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు పొద్దున స్టూడియో అన్న ఫొటోలు తెచ్చి ఇచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. డాక్టరు బల్ల మీద వాటిని వరుసగా పరిచి, పక్కన తన రాతలు పెట్టుకొని చూడటం మొదలుపెట్టారు. కొన్ని చూశాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి చూశారు. ఏ ముఖంలోనూ తేడా లేదు. కుడి ఎలా ఉందో ఎడమా అలాగే ఉంది. గోరంట్ల ఆమె ముఖం అయితే చక్కగా, రెండు చెంపలూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి.

"నా చెయ్యి ఇన్ని తప్పులు చెప్పిందా?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు. తన చేతిని అడిగినట్టు ఉంది.

ఆసుపత్రి డాక్టరు గెలిచినట్టు ప్రవర్తించలేదు. బెంగుళూరు డాక్టరు భుజం మీద చెయ్యి వేసి, టీ తెప్పించాడు. ఆ మధ్యాహ్నమే లారీ డ్రైవరుకు సూది వేసి కుడివైపు దవడపళ్ళు తీసేశాడు. గోరంట్ల ఆమెకు మత్తు ఇవ్వాలి కనుక మరుసటి రోజు పొద్దున అన్నారు. బెంగుళూరు డాక్టరు ఆ రోజే బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు. ఆమెకు నయమయ్యేదీ లేనిదీ కళ్ళారా చూసి పోతానని ఉండిపోయారు.

నాకు మాత్రం వార్త కావాలి. బెంగుళూరు యంత్రం అనంతపురంలో ఓడిపోయింది అని రాయడానికి సిద్ధమయ్యాను. దానితో పాటు ఒక ఫొటో పంపమని మా పేపరు డెస్కు అడిగింది. పొద్దున్నే స్టూడియోకు వెళ్ళాను.

"అన్నా, గోరంట్ల ఆమెది ఒగ ఫొటో కావాల. పేపరుకు."

"నిన్న ఇస్తి గదప్పా డాక్టరుకు."

"అది ఆయనది. నాకు ఇంగోటి తియ్యి."

ఆయన చీకటిగదిలోకి పోయాడు. నేను ముందు గదిలో కూర్చొని గోడ మీది పెళ్ళి ఫొటోలు చూస్తున్నాను. కొంతసేపటికి తడి ఫొటోను క్లిప్పుతో పట్టుకొని వచ్చి, తీగకు తగిలించాడు. నీళ్ళు కారుతున్నాయి. ఆమె ముఖమే. కుడి చెవి ముందు వక్కంత తెల్లమచ్చ ఉంది. చీకట్లో దీపం పెట్టినట్టు ఉంది.

"ఇదేందన్నా ఈడ ఇంత తెల్లగా ఉండాది?"

"ఇంగా చెయ్యి పెట్టలేదప్పా. ఆరినాక సరిజేసి ఇస్తా. మధ్యాన్నం రా."

నాకు వెంటనే అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థం కాకూడదని లోపల ఏదో పట్టి ఆపింది.

"డాక్టరుకు ఇచ్చినవి?"

"అన్నీ జేసే ఇచ్చినా" అన్నాడు, కాస్త గర్వంగానే. "శానా కష్టం పెట్టినాయి. ఆ మిషను మనుషుల్ని దయ్యాల మాదిరి తీసిండాది. ఒగ చెంప తెల్లగా, ఒగ చెంప నల్లగా. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషికి అట్లాటివి ఇస్తే మన ఊరి పని గురించి ఏమనుకుంటాడు? ఒగ్గొగ మొగానికీ రెండు చెంపలూ సమానం జేసినా."

ఫొటో దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాను. ఎదురుగా తీగ మీద ఆమె ముఖం. చుట్టూ గోడల నిండా పెళ్ళికూతుళ్ళు, ఎవరి చెంప మీదా చుక్క లేదు.

ఆయనకు చెప్పడానికి మాటలు కూడదీసుకోవలసి వచ్చింది. కీలు వాస్తే వేడి వస్తుందని, ఆ వేడే తెల్లగా పడుతుందని, అది చూడటానికే యంత్రం తెచ్చారని చెప్పాను. ఆయన కుంచె చేతిలో పట్టుకొనే విన్నాడు.

"అంటే ఆ మచ్చే నొప్పా?"

"ఆ మచ్చే నొప్పన్నా."

ఆయన తీగ మీది ఫొటో వైపు చూశాడు. "నాకు ఎవురూ చెప్పలేదప్పా" అన్నాడు. నిజమే. ఎవరూ చెప్పలేదు. బెంగుళూరులో ఫొటో కడిగేవాళ్ళకు దిద్దవద్దన్నది చెప్పవలసిన మాటే కాదు. మా ఊళ్ళో అది చెప్పకపోతే తెలియని మాట. ఇద్దరి మధ్యా నిలబడిన నాకు కూడా తోచలేదు.

ఆ తడి ఫొటోను ఆయన రెండు వేళ్ళతో అంచు పట్టుకొని నా మోపెడ్ వెనక కూర్చున్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి ఆమెను ఆపరేషన్ గది ముందు బల్ల మీద పడుకోబెట్టారు. గాజులు తీసి భర్త చేతికి ఇచ్చారు. మత్తు డాక్టరు వేరే ఆసుపత్రిలో పని ముగించుకొని రావాలి, ఆయన కోసం చూస్తున్నారు. ఆసుపత్రి డాక్టరు చేతులు కడుక్కొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను రొప్పుతూ చెప్పింది ఆయనకు సగమే అర్థమైంది.

"ఫొటో తీసేవాడు వచ్చి ఆపమంటే ఆపరేషన్ ఆపుతారా? ఏం మాట్లాడతాండారు మీరు?"

అప్పటికి బెంగుళూరు డాక్టరు బయటికి వచ్చారు. తడి ఫొటో చూశారు. తన సంచిలోంచి నిన్నటి ఫొటో తీసి పక్కన పెట్టారు. ఒకటే ముఖం. ఒకదానిలో మచ్చ ఉంది, ఒకదానిలో లేదు.

"ఏది నిజం?" అన్నారు.

"నీళ్ళలో వేయండి సార్. రంగు నీటిరంగే. పోతాది" అన్నాడు స్టూడియో అన్న.

వార్డులో తాగడానికి పెట్టిన కుండలోంచి నీళ్ళు తెచ్చి ఒక ఎనామిల్ పళ్ళెంలో పోశారు. ఆ ఎండాకాలంలో మా ఊళ్ళో తాగేనీళ్ళు అలా పారబోసే మనిషి ఉండడు. అయినా ఆ కుండ వంచింది నర్సే. డాక్టరు నిన్నటి ఫొటోను అందులో ముంచి, వేలితో చెంప మీద మెల్లగా రుద్దారు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత చెవి ముందు సన్నటి బూడిద పొగలా ఏదో కదిలింది. నీళ్ళలో రంగు విడిపోతోంది. దాని కిందినుంచి తెల్లగా, ఇంకొంచెం తెల్లగా, మచ్చ పైకి వచ్చింది. పళ్ళెం చుట్టూ అంతమందిమి ఉన్నాం. అందరం దాని మీదికే వంగి చూస్తున్నాం.

ఆసుపత్రి డాక్టరు చేతికి వేసుకున్న తొడుగులు విప్పేశాడు. "ఆమెను వార్డుకు తీసుకపోండి" అన్నాడు నర్సుతో. తర్వాత మా ఎవరికీ తోచని మాట ఆయనే అన్నాడు.

"నిన్నటి డ్రైవరు ఫొటో యాడుండాది?"

బెంగుళూరు డాక్టరు వద్దన్నట్టు చూశారు. ఆయన వినలేదు. సంచిలోంచి తానే వెదికి తీసి, తన చేత్తోనే నీళ్ళలో ముంచాడు. ఈసారి రుద్దవలసిన పని కూడా లేకపోయింది. కుడి చెవి ముందు మచ్చ తేలింది. ఆమెదాని కన్నా పెద్దది.

నేను ఎన్నో శవాల పక్కన నిలబడి వార్తలు రాసుకున్నవాణ్ణి. ఆ రోజు నా జేబులోని కలం తీయడానికి చెయ్యి రాలేదు.

డ్రైవరుకు చెప్పడానికి ఇద్దరు డాక్టర్లూ కలిసే వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. చెంప ఉబ్బి ఉంది, నోట్లో దూది. మమ్మల్ని చూసి నవ్వబోయాడు. ఆసుపత్రి డాక్టరు ఏమీ దాచలేదు. తప్పు జరిగింది, పళ్ళు మంచివే, నొప్పి కీలుది అని చెప్పాడు. డ్రైవరు దూది తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయితే నా పండ్లు మళ్ళా పెడతారా సార్?"

ఆయన మా ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. తర్వాత దూది మళ్ళీ నోట్లో పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత బెంగుళూరు డాక్టరు ఆయన్ను తన ఖర్చుతో తీసుకువెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించారని విన్నాను. కీలు నొప్పి కూడా తగ్గిందట. కానీ నాకు ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది మాత్రం గోడవైపు తిరిగిన ఆ వీపే.

మిగిలిన ఫొటోలన్నీ కడిగారు. అన్నింటిలోనూ మచ్చలు రాలేదు. కొందరికి నిజంగానే పంటి నొప్పి. "ఇది సాక్షి మాత్రమే, జడ్జి కాదు" అన్నారు బెంగుళూరు డాక్టరు ఆ ఫొటోలు ఆరబెడుతూ. ఆ తర్వాత ఆయన గోరంట్ల ఆమెను కూర్చోబెట్టి, మొదటి రోజు అడగని ప్రశ్న అడిగారు.

"ఆ పక్క పళ్ళతో ఏం పని చేస్తావమ్మా?"

ఆమె ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "చెనక్కాయ విత్తనాలు ఒలుస్తాం సార్. మిషనులో పోస్తే గింజ చెడతాది, మొలకెత్తదు. అందుకే చేతితో ఒలిచేది. కొన్ని దినాలకు వేళ్ళు పుండ్లు పడతాయి. అప్పుడు ఇట్ల." దవడ కొద్దిగా పక్కకు తిప్పి, లేని వేరుశనగ కాయను కొరికి చూపించింది. ఆ మాత్రానికే నొప్పితో కళ్ళు మూసుకుంది.

"రోజంతా?"

"పొద్దు మునిగేదాక. అందరూ అంతే గదా."

డాక్టరు నా వైపు తిరిగారు. ఒక జిల్లా నుంచే ఇంతమంది ఎందుకు అన్న ఆయన ప్రశ్నకు జవాబు అదే. కొరకడం మానాలి, మెత్తటి తిండి తినాలి, రాత్రుళ్ళు పళ్ళ మధ్య పెట్టుకోవడానికి ఒక అచ్చు చేసి ఇస్తాను, నెమ్మదిగా తెరుచుకుంటుంది అని చెప్పారు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"నేను కొరకనంటే మాయత్త ఊరుకుంటాదా సార్?"

స్టూడియో అన్న అంతసేపూ ఒక మూల నిలబడే ఉన్నాడు. ముందుకు వచ్చి, పొద్దున తెచ్చిన ఫొటో ఆమె చేతికి ఇచ్చాడు. "ఈ తెల్లగా ఉండేదే నీ నొప్పమ్మా" అన్నాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసింది. చెవి ముందు వేలు పెట్టుకుంది, ఫొటోలో మచ్చ మీద వేలు పెట్టింది. భర్తకు చూపించింది. ఆయన చూసి తల దించుకున్నాడు.

"ఇది నేను తీసుకపోతా" అంది.

నేను వార్త మార్చి రాశాను. యంత్రం ఓడిపోలేదని, విత్తనాలు పళ్ళతో కొరికే ఆడవాళ్ళ దవడలు ఏమవుతున్నాయో చూడండని రాసి, మచ్చ ఉన్న ఆమె ఫొటో ఇంకోటి కడిగించి జతచేసి బస్సు పార్సిల్లో పంపాను. పేపరు వచ్చింది. మొదటి పేజీలోనే వేశారు. "నొప్పిని పట్టుకున్న యంత్రం" అని పెద్ద అక్షరాలు. కింద ఆమె ఫొటో. రెండు చెంపలూ సమానంగా, నున్నగా ఉన్నాయి.

డెస్కుకు ఫోన్ చేశాను. "అచ్చుకు ఫొటో బ్లాకు చేసేవాళ్ళు ఏదో మరక పడిందనుకొని సరిచేశారండీ" అన్నారు అవతలినుంచి. నేను ఫోను పెట్టేసి పేపరు తీసుకొని స్టూడియోకు వెళ్ళాను. అన్న దాన్ని చూశాడు. మడిచి నాకే తిరిగి ఇచ్చాడు.

నా భయమంతా ఆ పేపరు గోరంట్ల చేరుతుందని. చేరింది కూడా. కొన్నాళ్ళకు పళ్ళ అచ్చు సరిచేయించడానికి ఆమెను మా ఊరికి తీసుకొచ్చినప్పుడు భర్త నా దగ్గరికి వచ్చాడు. చంకలో అదే పేపరు.

"సార్, మా ఊర్లో ఒగాయన దీన్ని తెచ్చి మాయమ్మకు జూపించినాడు. ఈడ మచ్చే లేదు గదా, నీ కోడలిది నాటకం అన్నాడు."

"మరి మీయమ్మ ఏమనింది?"

"లోపలికి పోయి ఈయమ్మ ఫొటో తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి జూసింది. పేపరోళ్ళు ఏమన్నా రాస్తారు, ఇది నా కోడలి చేతిలో ఉండేది అనింది." కొంచెం ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు. "ఇప్పుడు ఆ చెనక్కాయల గంప మాయమ్మ దగ్గర ఉంటాది సార్. ఈయమ్మను దగ్గరికి రానీదు."

ముప్పై ఏళ్ళకు పైగా పేపరులో పనిచేశాను. నేను రాసిన వార్తను జనం నమ్మకపోతే బాధపడ్డ రోజులే ఎక్కువ. నా పేపరును ఒక మనిషి నమ్మలేదని తెలిసి, ఎదురుగా ఉన్నవాడికి టీ తెప్పించింది మాత్రం ఆ ఒక్కరోజే.